తెల్లనివన్నీ బూజు కావు

లోకము తెలియని అమాయకుని గూర్చి చెప్పునపుడు “తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకొనును” అని మనవారందురు. తోటపనిలో మనము చేయు పొరపాటు ఇంచుమించు ఇట్టిదే. మొక్కపై తెల్లగా ఏది కనబడినను బూజు అందుము. ఆకు వాడినచో నీరు చాలలేదందుము. పిమ్మట అంగడికి పోయి, పొరుగువారు చెప్పిన మందు తెచ్చి చల్లుదుము. మందు తప్పినందున చచ్చిన మొక్కలు, తెగులు వలన చచ్చిన మొక్కలు లెక్కించి చూచినచో ఏవి ఎక్కువో చెప్పుట కష్టము.

ఆకులోనో కాడలోనో నీటిని దాచుకొను తీగమొక్కల విషయమున ఈ పొరపాటు మరింత ముప్పు తెచ్చును. ఇట్టి తీగలు అనంతపురం సీమకు కొత్తవి కావు. ప్రహరీగోడపై ప్రాకు నల్లేరు, పందిరిపై తీగబచ్చలి, కాలువగట్టున నేలబారుగా ప్రాకు గంగపావిలి, వాకిటి కుండీలలోని నాచుపూలు మనకు తరతరాల చుట్టములు. ఇవి గాక ఇటీవల బెంగుళూరు నుండియు, గోదావరి తీరమందలి కడియము నర్సరీల నుండియు తెచ్చిన తీగలు మన వసారాలలో వ్రేలాడుచున్నవి. వానిలో ఒకదాని ఆకులు పచ్చని ముత్యాలపేరు వలె ఉండును. చేలలోనికి డ్రాగన్ పండు వచ్చినది. అదియు రాతి స్తంభమును పట్టుకొని ఎగబ్రాకి, కొమ్మలను క్రిందికి వ్రేలాడవేయు జెముడు జాతి తీగయే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టసీమకు ఇవన్నియు తగిన మొక్కలే. నల్లేరుపై బండి నడక వలె సాగవలసిన పెంపకము మరి ఎక్కడ చెడుచున్నది?

మా వీధిలో ఒక ఇల్లాలు వసారాలో వ్రేలాడదీసిన కుండీని నాకు చూపినది. “బూజు పట్టిందన్నా. గంధకం చల్లినాను. తగ్గకపోగా ఆకులు మాడినాయి” అన్నది. కాడల కణుపుల యందు దూదిపింజల వంటి తెల్లని ముద్దలున్నవి. వాని చుట్టును చీమలు బారులు తీరి తిరుగుచున్నవి. చీమలను చూచిన తోడనే సగము సంగతి తెలిసిపోయినది. అది బూజు కాదు, పిండినల్లి. గంధకము బూడిద తెగులునకు మందే గాని పిండినల్లిని ఏమియు చేయదు. పైగా ఎండ 35 డిగ్రీలు దాటు దినములలో గంధకము ఆకును మాడ్చును. ఆమెను తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. కొన్నేండ్ల క్రిందట నేనును మే నెలలో నల్లేరుపై గంధకము చల్లి, గోడ పొడవున తీగనంతయు గోధుమరంగుకు తెచ్చినవాడనే.

కనుక తెల్లదనమును చూచినపుడు చేయవలసిన మొదటి పని మందు వెదకుట కాదు, వ్రేలు తడిచేసి రాచి చూచుట. చిన్న భూతద్దము ఉన్నచో మరియు మంచిది.

రాచిన చోట తెలుపు పొడిగా లేచిపోయి, క్రింద ఆకు నున్నగా, ఆరోగ్యముగా ఉన్నచో అది రోగము కాదు. ద్రాక్షపండుపై నుండు బూడిద వంటి పూత అది. మొక్క తనలోని నీరు ఆవిరి గాకుండను, ఎండ తాకిడి తగ్గుటకును ఈ మైనపు పూతను తానే పూసుకొనును. తుడిచిన చోట అది మరల సరిగా రాదు. ఆకులు తళతళలాడవలెనని ప్రతిదినము గుడ్డతో తుడుచువారు మొక్కకు గొడుగు తీసివేయుచున్నారన్నమాట.

వ్రేలికి జిగటగా, మైనము వలె అంటి, దాని క్రింద మెత్తని లేత గులాబీ వన్నె పురుగు కనబడినచో అది పిండినల్లి. ఆడపురుగు దూది వంటి సంచిలో వందల గ్రుడ్లు పెట్టును. గ్రుడ్ల నుండి వెడలిన పిల్లలు కంటికి ఆనవు. అవి ప్రాకి ప్రాకి, గాలిలో కొట్టుకొనిపోయి, చీమల నోట పడి, ఒక కుండీ నుండి మరియొక కుండీకి చేరును. ఈ పురుగు మొక్క రసమును పీల్చి, మిగిలిన తీపిని తేనెబంకగా విసర్జించును. ఆ బంక కొరకే చీమలు దీనిని పాడిపశువు వలె కాపాడును. బంకపై నల్లని మసి పట్టును. ఆ మసి నిజముగా శిలీంధ్రమే గాని, ఆకులోనికి వేరు దించదు; పైపైన మాత్రమే పెరిగి వెలుతురును అడ్డగించును. దానికి వేరుగా మందు వేయనక్కరలేదు. పురుగు పోయిన పిమ్మట తడిగుడ్డతో తుడిచినచో పోవును. మరియొక మాట. ఆకుపై పురుగు ఏమియు కనబడక, మొక్క మాత్రము దినదినము క్షీణించినచో దానిని కుండీనుండి మట్టితో సహా బోర్లించి చూడవలెను. వేళ్ళ నడుమను, కుండీ లోపలి గోడకును తెల్లని మైనపు మరకలున్నచో అవి వేరును పీల్చు పిండినల్లులు. ఆ మట్టిని పారవేసి, వేళ్ళను కడిగి ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటవలెను.

నాగజెముడుపై నున్న తెల్లని దూదిని నలిపినచో వ్రేలు రక్తము వలె ఎర్రనగును. అది కాచినీల్ పురుగు. దీని కథ కొంచెము చెప్పక తప్పదు. 18వ శతాబ్దపు చివర మద్రాసులోని స్కాట్లండు దేశీయ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్, మెక్సికో దేశమునుండి వచ్చు ఎర్రరంగు పురుగును ఈ దేశమున పెంచవలెనని పట్టుబట్టి, సైదాపేటలో జెముడుతోట వేయించెను. 1795లో కెప్టెన్ నీల్సన్ అను నతడు బ్రెజిల్ దేశపు రియో డి జనీరో నుండి పురుగులను కలకత్తాకు తెచ్చెను. తీరా చూడగా అది మేలిరకపు రంగుపురుగు కాదు, దాని దాయాది. రంగు వ్యాపారము సాగలేదు గాని, ఆ పురుగు ఒక జాతి జెముడును తిని దేశమున చాలచోట్ల నిర్మూలించినది. మనము కంచెగా ఎరిగిన ముండ్ల నాగజెముడు దానికి లొంగలేదు. పొలములను, బాటలను అది ఆక్రమించుచుండగా, 1926లో సింహళము నుండి మరియొక కాచినీల్ జాతిని దక్షిణదేశమునకు తెచ్చి వదలిరి. నాడు అనంతపురం జిల్లా మద్రాసు రాజధానిలోనిదే. ఐదారేండ్లలోనే నాగజెముడు పొదలు వేల ఎకరములలో కూలిపోయినవి. కలుపుమొక్కను పురుగుచేత నశింపజేయుటకు లోకమున చెప్పుకొను తొలి ఉదాహరణములలో ఇది యొకటి. ఈ పురుగు జెముడు జాతిని విడిచి మీ బచ్చలిపైకిగాని నల్లేరుపైకిగాని రాదు. గట్టుమీది నాగజెముడుపై దీనిని చూచి కంగారుపడి మందు చల్లుట అనవసరము.

గంగపావిలి ఆకు అడుగున తెల్లని పింగాణీ వంటి పొక్కులు లేచి, అవి పగిలినపుడు తెల్లని పొడి రాలినచో అది తెల్ల త్రుప్పు. ఇది నిజమైన తెగులే. దీనిని కలిగించునది నీటిబూజుల కుటుంబములోనిది. కావున తడి ఆకుపై నిలిచినకొలది ఇది వృద్ధిపొందును. రోగము పట్టిన కాడలను పీకి కాల్చివేసి, తక్కినవానికి ఆకు తడియకుండ మొదట మాత్రము నీరు పోసినచో చాలును. కూరకు కోయు మొక్కపై మందు చల్లుట నాకు ఇష్టము లేదు.

నేలకు ఆనిన కాడ మొదట తెల్లని దారములు విసనకర్ర వలె పరచుకొని, వాని నడుమ ఆవగింజల వంటి గుండ్రని గింజలున్నచో అది వేరుసెనగ రైతులందరు ఎరిగిన మొదలుకుళ్ళు శిలీంధ్రము. దీనిని కుండీలోనికి తెచ్చునది మనమే. ఎర్రమట్టి మంచిదని వేరుసెనగ చేనిలోని మట్టిని, వేరుసెనగ పొట్టును తెచ్చి కుండీ నింపుదుము. ఆ ఆవగింజల వంటివే శిలీంధ్రపు విత్తులు. అవి కొన్ని ఏండ్లు మట్టిలో చావక యుండి, వేడియు తడియు కలిసిన దినమున మొలకెత్తును. చేని మట్టినే వాడదలచినచో ఏప్రిల్, మే నెలలలో దానిని తడిపి, నేలపై పలుచగా పరచి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టాను కప్పి, అంచులను మట్టితో మూసి నాలుగు నుండి ఆరు వారములు ఉంచవలెను. అనంతపురము ఎండకు అంతకుమించిన పని మరియొకటి లేదు.

ఇక కుండీ అంచునను, వెలుపలి గోడపైనను గట్టిగా పేరుకొను తెలుపు పురుగు కాదు, బూజు కాదు. అది మన బోరునీటిలోని ఉప్పు, సున్నము. దానిపై నిమ్మరసము చుక్క వేసినచో బుసబుస పొంగును. ఇట్టి నీరు పోయుచున్నచో ఆకుల కొనలు ఎండుట సహజము. వాననీరు దొరికిన దినమున కుండీ అడుగు రంధ్రము నుండి ధారగా కారునంతవరకు ఒకటి రెండు మారులు పోసి మట్టిని కడుగవలెను.

తెలుపును గూర్చి ఇంత చెప్పితిని. అసలైన ప్రాణాపాయము మాత్రము తెల్లగా ఉండదు. అది కుళ్ళు.

ఆకు ముడుతపడినచో రెండు కారణములుండును. వేరునకు నీరు అందకపోవుట ఒకటి. వేరు కుళ్ళి నీటిని త్రాగలేకపోవుట రెండవది. రెండింటికిని పైకి కనబడు గుర్తు ఒకటే. అందుచేతనే నీళ్ళు పోసి మొక్కను చంపుదుము. ఒక చీపురుపుల్లను కుండీ అడుగువరకు గ్రుచ్చి తీయుడు. పుల్ల పొడిగా వచ్చినచో దాహము. నీరు పోసిన రెండు దినములలో ఆకు నిండును. పుల్లకు తడిమట్టి అంటుచుండగా ఆకు ముడుతపడి యున్నచో నీరు మానివేసి వేళ్ళను చూడవలెను. మంచి వేరు తెల్లగా గట్టిగా ఉండును. కుళ్ళిన వేరు గోధుమరంగై, లాగినచో పై తొక్క ఊడి నడుమ దారము మిగులును. ముక్కు పట్టించు దుర్వాసన ఉన్నచో అది బాక్టీరియా వలన కలిగిన మెత్తకుళ్ళు. దానికి శిలీంధ్రపు మందులు సామాన్యముగా పనిచేయవు.

మన సీమలో కుళ్ళు సామాన్యముగా సెప్టెంబరు, అక్టోబరు నెలలలో బయటపడును. ఏడాది వానలో పెద్దపాలు ఆ రెండు నెలలలోనే కురియును గదా. కాని దాని బీజము వేసవిలోనే పడియుండును. మే నెల ఎండను చూచి జాలిపడి మనము దినమునకు రెండుసారులు నీరు పోయుదుము. ఈ మొక్కలలో పెక్కు పగలు ఆకు రంధ్రములను మూసికొని, రాత్రి చల్లదనమున తెరచి గాలిని లోనికి తీసికొనును. కావున వానికి మండుటెండలో అంత నీరు పట్టదు. నర్సరీ నుండి వచ్చిన కుండీలో సామాన్యముగా కొబ్బరిపొట్టు ఉండును. అది పైన ఎండినట్లు కనబడినను లోపల తడిని వారముల తరబడి పట్టియుంచును. తెచ్చిన పదిపదునైదు దినములలోనే ఆ పొట్టును తీసివేసి, ఒకపాలు ఎర్రమట్టి, రెండుపాళ్ళు గరుకు ఇసుక, కొంచెము మాగిన ఎరువు కలిపి, అడుగున రంధ్రమున్న మట్టికుండీలో నాటుట మేలు. ప్లాస్టిక్ కుండీ తేలికే గాని దాని గోడకు ఊపిరి లేదు.

కుళ్ళు మొదలైన తీగను మొదటికి బ్రతికించుటకు ప్రయత్నింపక, కొనను రక్షించుకొనవలెను. కుళ్ళుకు బెత్తెడు పైన కోసి, కోతను చూడుడు. నడుమ గోధుమరంగు చుక్కయో ఎర్రని వలయమో కనబడినచో ఇంకను పైకి కోయవలెను. ప్రతి కోతకును కత్తిని స్పిరిటుతో తుడువకున్నచో తెగులును మనమే పైకి ఎక్కించినవారమగుదుము. శుద్ధమైన పచ్చని కోత వచ్చిన ముక్కలను నీడలో నాలుగు నుండి ఏడు దినములు ఆరబెట్టవలెను. కోతకు పసుపు అద్దువారున్నారు. అద్దిన హాని లేదు. కాని గాయము ఎండుటయే అసలు మందు.

బచ్చలి ఆకుపై గుండ్రని మచ్చలు పడి, వాని అంచు ఊదా ఎరుపుగాను, నడుమ కాగితము వలె తెల్లబారియు ఉండి, పిమ్మట ఆ నడిమి భాగము రాలి రంధ్రమగుట అందరు చూచియేయుందురు. అది ఆకుమచ్చ శిలీంధ్రము. మొదటి మచ్చలు కనబడినప్పుడే ఆ ఆకులను త్రుంచి, పందిరిని పలుచన చేసినచో ఉపశమించును. నల్లేరును తినువాడు వేరు: తోకపై కొమ్మున్న లావుపాటి గొంగళి. దానిని చేతితో ఏరివేయుటకంటె మంచి ఉపాయము లేదు.

డ్రాగన్ పండు రైతుల కష్టము పెరటికష్టము కాదు. స్తంభములకు, బిందుసేద్యపు గొట్టములకు ముందుగానే లక్షలు పెట్టినవారు వారు. వారు రెండింటిని వేరుపరుప నేర్వవలెను. వేసవిలో పడమటి ఎండ తగులు వైపున మాత్రమే కొమ్మ పసుపువన్నెకు తిరిగి తెల్లబారినచో అది ఎండదెబ్బ. రెండవ వైపు పచ్చగానే ఉండును. మచ్చ పొరుగుకొమ్మకు అంటుకొనదు. నీడవల కట్టుటయే దానికి మందు. కాండపు మచ్చతెగులు అట్టిది కాదు. తొలుత చిన్నచిన్న లోతుమచ్చలు తెల్లగా పడును, పిమ్మట నారింజ గోధుమరంగుకు తిరిగి గరుకుగా ఉబ్బును, తుదకు వానిపై నల్లని చుక్కలు తేలి కొమ్మ లోపలివరకు కుళ్ళును. ఇది ఏ దిక్కుననైన వచ్చును, వాన జల్లుతోను కత్తితోను వ్యాపించును. పొడి దినములలో మాత్రమే కత్తిరించి, కోసిన ముక్కలను స్తంభము మొదట వదలక చేని వెలుపల కాల్చివేయవలెను. స్తంభము నెత్తిన కొమ్మలు గుబురుగా పేరుకొన్నచో గాలి ఆడదు. పాత కొమ్మలను తీసివేయవలెను. కోతల పిమ్మట లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి చల్లుట ఆచారముగా ఉన్నది. ఇది తెగులు సోకకుండ అడ్డగించును గాని, సోకిన మచ్చను మాన్పదు. ఎండదెబ్బకు దీనిని చల్లినచో డబ్బు దండుగ.

పిండినల్లికి మరలివత్తము. కుండీలు నాలుగైదే ఉన్నచో, పుల్లకు దూది చుట్టి స్పిరిటులో ముంచి ఒక్కొక్క ముద్దను అద్దుట చాలును. ఈ పని నీడలో, పొయ్యికి దూరముగా చేయవలెను. మొక్కలు పెక్కైనచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను, నూనె నీటిలో కలియుటకు కొంచెము కుంకుడురసమును చేర్చి, పొద్దు వాలిన పిమ్మట చల్లవలెను. ముందుగా రెండు ఆకులపై చల్లి మూడు దినములు చూడుడు. మైనపు పూత గల ఆకులు నూనెకు మచ్చపడుట కలదు. ఒక్కసారితో తృప్తిపడరాదు. గ్రుడ్లకు ఏ మందును సరిగా అంటదు. వారము పదిదినముల ఎడముతో మూడుసారులు చల్లిననే కొత్తగా పొదిగిన పిల్లలు చచ్చును. చీమలదారిని త్రెంపనిది ఈ పాటంతయు వృథా. ఆస్ట్రేలియా నుండి 1898లో మనదేశమునకు తెచ్చిన ఒక అక్షింతల పురుగు పిండినల్లులను ఆబగా తినును. దాని పిల్ల కూడ తెల్లని దూదితో కప్పబడి అచ్చము పిండినల్లి వలెనే ఉండును. అయితే అది చురుకుగా నడచును, పిండినల్లి మందముగా కదలును. పొరపాటున మిత్రుని నలుపకుడు.

పాత అలమరలలో ఇంకను డి.డి.టి., గమాక్సిన్ డబ్బాలు ఉన్న ఇండ్లు నేనెరుగుదును. వెనుకటి రోజులలో ఇట్టి వ్యాసములందే వానిని వాడుమని వ్రాసిన మాట నిజము. సేద్యములో డి.డి.టి. వాడకమును 1989లోను, గమాక్సిన్‌కు మూలమైన బి.హెచ్.సి.ని 1997లోను మనదేశమున నిషేధించిరి. బచ్చలియు, గంగపావిలియు పప్పులోనికి పోవును; నల్లేరు కాడలు పచ్చడిలోనికి పోవును. కొత్తమందు కొన్నను డబ్బాపై గల వజ్రాకారపు ముద్రను చూడవలెను. ఎరుపు అతి తీవ్రమైన విషము, పసుపు దాని తరువాతిది, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. ఎరుపు, పసుపు ముద్రల మందులకు వసారా కుండీలలో చోటు లేదు.

ఆ ఇల్లాలి కుండీలో గంధకమునకు మాడినవి, పురుగు పీల్చినవి పోగా తొమ్మిది ముక్కలు పనికివచ్చినవి. వానిని స్పిరిటుతో శుభ్రపరచి, ఆరబెట్టి, పొడి ఇసుకలో పరచి, వారము దినములు నీరు చూపక, తక్కిన కుండీలకు దూరముగా పెరటి గూటిలో ఉంచితిమి. మూడు వారములకు మెల్లగా లాగి చూడగా ఆరు ముక్కలు వేరు పట్టినవి, మూడు చేతికి వచ్చినవి. ఆ ఆరింటిని మట్టికుండీలోనికి మార్చి, కొక్కెమునకు వేపనూనె పూసిన గుడ్డ చుట్టి వ్రేలాడదీసినది. చీమలు దూలము మీదుగా వచ్చి, ఆ గుడ్డ వరకు దిగి, వెనుకకు మరలిపోవుచున్నవట.